సున్నా చెప్పిన ఇళ్లు

ఏడో భాగం

పాన్‌సొడాన్ రేవులో లాంచీ ఎక్కేటప్పటికి పద్మిని చేతిలోని ఫోను చెమటకి జారిపోతోంది. పొద్దున్నించి తమ్ముడు సూరికి చేస్తూనే ఉంది. ఆఖరిసారి చేసినప్పుడు అవతల ఎవరో ఎత్తారు. మాట లేదు. బరువైన ఊపిరి మాత్రం వినిపించింది, ఆ వెంటనే ఫోను కట్టయింది. పోయిన వారం మనం ఆమెను వదిలిపెట్టింది అక్కడే. ఆ ఊపిరి ఎవరిదో తెలియకుండానే ఇప్పుడు ఆమె నది దాటుతోంది.

సంగతి మరోసారి గుర్తు చేసుకుందాం. పద్మిని బర్మాలోని యాంగోన్‌లో ఒక చిన్న సర్వే ఆఫీసులో పని చేస్తుంది. ప్రకృతి మనిషికి ఊరికే ఇచ్చేవాటికి వెల కట్టడం ఆ ఆఫీసు పని. నదికి అవతల దలాలో, మన వాళ్ల తాతలు రేవులో మూటలు మోసిన కాలంలో వెలిసిన నూకాలమ్మ పేట ముందు, నీటి అంచున ఒక మడ తోపు ఉంది. దాన్ని కొట్టేసి, బురద పూడ్చి, గోదాములు కట్టాలని ఒక కంపెనీ చూస్తోంది. కొట్టేముందు తోపు విలువెంతో తేల్చమని అప్పిచ్చే బ్యాంకు అడిగింది. తేల్చే పని పద్మిని మీద పడింది. ఆ పేటలోనే ఆమె మేనత్త సూరమ్మ ఉంటుంది. సైన్యంలోకి పిలిచే కుర్రాళ్ల జాబితాలో పేరు పడ్డప్పటినించి సూరి ఆ ఇంట్లోనే దాక్కుంటున్నాడు. రాత్రి బస చేసేవాళ్ల పేర్లు వార్డు ఆఫీసులో రాయించాలి కదా, సూరి పేరు మాత్రం ఎవరూ రాయించలేదు.

ఇక వెల కట్టే పద్ధతుల గొడవ. పద్మిని ముందు మూడున్నాయి. తోపు ఇలాగే ఉండాలంటే నెలకి ఎంతిస్తారని ఇల్లిల్లూ తిరిగి అడగడం ఒకటి. తోపు లేకపోతే అది చేసే పని చేయడానికి కాంక్రీటు గట్టు కట్టాలంటే ఎంతవుతుందో చూడటం ఇంకొకటి. పెద్ద తుఫాను వచ్చిన ఏడు తోపు వెనకున్న ఇళ్లకి జరిగిన నష్టాన్ని, చెట్లన్నీ బొగ్గుకి కొట్టేసుకున్న పక్క పేట నష్టంతో పోల్చడం మూడోది. మూడూ చదువుకున్న వాళ్లు ఒప్పుకున్న పద్ధతులే. మూడింటితోనూ లెక్క వేస్తే మాత్రం ఒకే ఇంట్లో ఉండి మాటలు మానేసిన తోడికోడళ్లలా తయారయ్యాయి. గట్టు లెక్క ఆకాశంలో ఉంది. తుఫాను లెక్క దానికి కాస్త కిందగా ఉంది. అడిగి రాసిన లెక్క సున్నా. దాదాపు సున్నా కాదు, అచ్చంగా సున్నా. పేటలో ఒక్క గడప కూడా ఒక్క పైసా ఇస్తామనలేదు.

కంపెనీకి కావలసింది ఆ సున్నా. మిగతా రెండూ తీసేసి అదొక్కటే పంపమని కంపెనీ తరఫు మనిషి బాపిరాజు రెండుసార్లు మర్యాదగా, మూడోసారి ఇంకా మర్యాదగా చెప్పాడు. మూడోసారే పద్మినికి భయం వేసింది. ఈ సాయంత్రానికి గడువు. పేటలో తెలుగులో అడిగింది ఆమె కాబట్టి సంతకం కూడా ఆమెదే కావాలి.

లాంచీలో పిట్ట గుడ్లు, కారం అద్దిన మామిడి ముక్కలు అమ్మేవాళ్లు ఎప్పటిలాగే అరుస్తున్నారు. అద్దెకిచ్చే ప్లాస్టిక్ పీట మీద కూర్చుని పద్మిని ఎదుటివాళ్ల కాళ్లు చూస్తోంది. ఈ మధ్య యాంగోన్‌లో ఎవరూ ఎవరి మొహంలోకీ ఎక్కువసేపు చూడటం లేదు. తెల్లచొక్కా మనిషి ఒకడు ఫోను ఆమె వైపు తిప్పి పట్టుకున్నట్టనిపించింది. తీరా చూస్తే వాడు నది ఫొటో తీసుకుంటున్నాడు. సూరి పట్టుబడ్డాడేమో, ఫోను ఎత్తినవాడు వాణ్ని తీసుకుపోయినవాడేమో. ఆ ఆలోచనని ఎంత తోసేసినా అది మళ్లీ వచ్చి పక్కనే కూర్చుంటోంది.

దలాలో దిగి, సైకా రిక్షా మాట్లాడుకుని పేట చేరేసరికి వాన తగ్గి ముసురు పట్టింది. బర్మా వాళ్ల వాసో నెల పున్నమి దగ్గర పడింది, నదికి పోటు పెద్దగా ఉంది. సందులో మనుషుల్లేరు. తలుపులన్నీ ఓరగా వేసి ఉన్నాయి. సూరమ్మ మాత్రం అరుగు మీద కూర్చుని, బుగ్గలకి చందనంలా తనకా చెక్క గంధం పూసుకుని, మినప్పప్పు చెరుగుతోంది. మేనకోడల్ని చూసి లేచి, సందు చివరిదాకా వినపడేలా కేకేసింది.

“వొచ్చీసేవా! మంచి పని సేసేవు. పద, అమ్మోరికి దీపం ఎట్టీసొద్దాం. కాళ్లు కడుక్కో.”

“అత్తా, సూరి ఏడీ?”

“కాళ్లు కడుక్కోమన్నాను,” అంది సూరమ్మ మళ్లీ గట్టిగా. కళ్లు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. పద్మిని నోరు మూసుకుని కాళ్లు కడుక్కుంది.

ఇంటి ముందునించే తోపులోకి దారి. బురద మీద వెదురు బొంగులు పరిచారు, ఒకరి వెనక ఒకరు నడవాలి. బొంగుల కింద అప్పుడే నీళ్లు చేరుతున్నాయి. పద్మిని ఈ తోపులోపలికి రావడం ఇదే మొదటిసారి. నవ్వకండి. సర్వే మొత్తంలో చెట్లని లెక్కపెట్టింది నది మీద పడవలోంచి. మనుషుల్ని లెక్కపెట్టింది గడపల దగ్గర. కాళ్లు కడుక్కుని దీపం పట్టుకుని వచ్చేవాళ్లు తప్ప లోపలికి ఎవరూ పోరని ఆఫీసులో ఎవరికీ తెలియదు. పద్మిని పెరిగింది నది అవతల నగరంలో, బొటటాంగ్‌లో, ఆమెకీ తెలియదు. చెట్ల వేళ్లు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. చిన్న చేపలు వాటి మధ్య గెంతుతున్నాయి. నాలుగడుగులు లోపలికి వేసేసరికి పేట చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

తోపు నడిమధ్య ఇటుక తిన్నె, దాని మీద పసుపు రాసిన రాయి. రాయి వెనక మోకాళ్లు ముడుచుకుని సూరి.

“అప్పా,” అన్నాడు అక్కని చూసి.

పద్మినికి ఏడుపు తన్నుకొచ్చింది. వాడి నెత్తి మీద ఒకటి వేసి, ఆ చేత్తోనే వాడి తల పొట్టకి అదుముకుంది. “ఫోనెందుకు ఎత్తవురా? చచ్చిపోయేననుకున్నాను.”

“ఫోను అత్త దగ్గరుంది. పొద్దున్నే సైన్యం వాళ్లు ఇల్లిల్లూ తిరిగేరు, నలుగురు. అత్త నన్నిక్కడికి తోసేసింది.”

“మరి ఎత్తింది?”

“నానేనే,” అంది సూరమ్మ దీపం వెలిగిస్తూ. “గొంతిప్పితే ఎవుడింటాడో అని నొక్కీసేను. నాకా మిసన్లు ఏటి తెల్సు? నీ పేరు సూసి ఎత్తేను గానీ మాటాడ్డానికి దైర్నం సాల్లేదు.”

ఆ ఊపిరి అత్తదే. పద్మినికి నవ్వొచ్చినంత పని అయింది. ఊపిరి తీసుకుని తలెత్తేసరికి కొమ్మలు కనపడ్డాయి.

ప్రతి కొమ్మకీ పసుపు గుడ్డ ముడులు వేలాడుతున్నాయి. కొన్ని కొత్తవి, రంగు కారుతున్నాయి. కొన్ని పాతబడి బూడిదరంగుకి తిరిగాయి. తిన్నె చుట్టూ, ఆ వెనక, కంటికి ఆనినంత దూరం అవే. వాన నీళ్లు వాటి కొసలనించి బొట్లుబొట్లుగా రాలుతున్నాయి.

“ఇవేటత్తా?”

“ముడుపులు. ఏటలగ సూత్తావు, ఎప్పుడూ సూణ్ణట్టు?”

“ఎవరివి?”

“అందరియ్యీని. రంగు పోయినియ్యి పాత మొక్కులు. ఈ సెట్లు కొట్టెత్తారని ఎరికయ్యింది మొదలు ఇంటికొకటి కట్టుకున్నారు. తోపు నిలబడితే సాలు తల్లీ, ఇది నీకు అని. నీలకంఠం కూతురి సెవి దుద్దులున్నాయంటారు ఆ సివర కొమ్మకి. నేదు, నాను సూల్లేదు. సూడకూడదు.”

పద్మిని ఆ చివరి కొమ్మ వైపు చూసింది. నీలకంఠం ఇల్లు ఆమెకి బాగా గుర్తుంది. గడపలో నిలబడి, మర్యాదగా మంచినీళ్లిచ్చి, “తోపుకి మేమేటీ ఇవ్వలేమమ్మా” అన్నాడు. పద్మిని సున్నా రాసుకుంది.

“మరి నేనడిగితే అందరూ ఏటీ ఇవ్వమన్నారు కదా అత్తా?”

“అనరా మరి? అమ్మోరికి కట్టుకున్నది ఎంతో నోటితో సెప్పీత్తే తల్లి పుచ్చుకోదు. నువ్వొచ్చి, ఈ తోపుకి ఎంతిత్తారు, ఎంతిత్తారు అని అడిగితే ఏటి సెప్తారు? నేదనే అంటారు. ఎవులో బర్మా గుంటడు వొచ్చి అడిగుంటే ఎంతో కొంత సెప్పి వొదిలించుకుందురు. నువ్వు మన పిల్లవి. నీకు ఎరికే అనుకున్నారు.”

అదన్నమాట. మూడు వారాలు కాళ్లరిగేలా తిరిగి పోగేసిన సున్నాలన్నీ మూసిన పిడికిళ్లు. సున్నా చెప్పిన ప్రతి ఇంటినీ ఎందుకని అడగాలని ఈ పనిలో మొదటి పాఠమే ఉంది. పద్మిని అడగలేదు. ఈ రోజుల్లో పరాయి గడప దగ్గర ఎందుకని అడిగితే తలుపు వేసేస్తారు. ఇంట్లో మగపిల్లలెందరని అడిగితేనే ముసలివాళ్లు ఏడుపు మొహం పెట్టారు. ఆ భయానికి ఆమె తలొంచుకుని తర్వాతి ఇంటికి పోయింది. తన లెక్కని చూసి తనకే సిగ్గేసింది, ఆ వెనకే చిన్న ఆశ కూడా పుట్టింది. ఈ ముడుల ఫొటో ఒక్కటి చాలు. ఆ సున్నా చెల్లదని చెప్పి, గట్టు లెక్క, తుఫాను లెక్క ముందు పెట్టొచ్చు. తోపు నిలబడుతుంది. ఫోను పైకెత్తింది.

“అప్పా, నీరెక్కుతోంది,” అన్నాడు సూరి.

నిజమే. వచ్చిన దారిలో బొంగులు సగం మునిగాయి. పోటు నిండితే దారి మొత్తం నీళ్లలోకి పోతుంది, తిన్నె ఒక్కటే మిగులుతుంది. సూరికి ఈత రాదు. బొటటాంగ్ మూడో అంతస్తులో పెరిగినవాడికి ఈత ఎవరు నేర్పుతారు?

“ఆడిక్కడే ఉంటాడు,” అంది సూరమ్మ. “నీరు తీసీదాకా ఇటేపు ఎవుడూ రాడు. అమ్మోరు కాసుకుంటాది. మనం బేగి పోవాల.”

పద్మిని తమ్ముడి చెయ్యి వదల్లేక వదిలింది. ఫొటో తీసిందో లేదో కూడా ఆమెకి గుర్తులేదు.

అరుగు మీద బాపిరాజు కూర్చుని ఉన్నాడు.

చెప్పులు గడప పక్కన జతగా, ముక్కులు బయటికి తిప్పి పెట్టుకున్నాడు. తడిసిన గొడుగు గోడకి ఆనించాడు. నగరంలో ఒకప్పుడు బట్టల కొట్టున్న షావుకార్ల కుటుంబం. కొట్టు పోయింది, మర్యాద మిగిలింది. బర్మా వాళ్లు గౌరవంగా పేరు ముందు ఊ తగిలించి ఊ బాపిరాజు అంటారు, ఆ పిలుపు ఆయనకి ఇష్టం. ఎంత భయపెట్టే మాటైనా పెళ్లికి పిలిచినట్టు చెప్పగలడు.

“రామ్మా పద్మినీ. నీ కోసమే వచ్చేను. ఆఫీసులో అడిగితే దలా ఎల్లిందన్నారు. అమ్మోరి దర్శనమయ్యిందా?”

“అయిందండీ,” అంది పద్మిని.

“మంచిది. సూరమ్మగారూ, టీ ఏమన్నా దొరుకుతుందా?” అంటూ ఆయన గడప వైపు చూశాడు. తన చెప్పుల పక్కన ఇంకో జత ఉంది. నీలం రబ్బరు చెప్పులు, మగవాడివి, బురద ఇంకా ఆరలేదు.

సూరమ్మ ఆ చూపు పట్టుకుంది. “మా ఆయనియ్యి. పోయి పదేళ్లయినా పారీనేకపోయేను. నానే తొడుక్కుని దొడ్లోకి ఎల్తాను.”

“పాపం,” అన్నాడు బాపిరాజు. ఇల్లంతా ఒకసారి నెమ్మదిగా చూసి, పద్మిని వైపు తిరిగాడు. “రిపోర్టు పొద్దున్నే వస్తాదని చూసేను.”

“ఇంకా అవలేదండీ.”

“సున్నా రాయడానికి ఎంతసేపమ్మా?”

“అది సున్నా కాదండీ.”

“కాదా? నువ్వే అడిగేవు, నువ్వే రాసేవు. మరేటది?”

పద్మిని నోరు తెరిచింది. “లోపల...” అంది.

అని ఆగిపోయింది. లోపల ముడుపులున్నాయి, ఇంటికొకటి కట్టారు, రండి చూపిస్తాను అని చెప్పాలనుకుంది. చెబితే ఆయన వస్తాడు. చెప్పులు తొడుక్కుని, గొడుగు వేసుకుని, బొంగుల మీద జాగ్రత్తగా నడుచుకుంటూ తిన్నెదాకా వస్తాడు. తోపుని కాపాడే మాట ఒక్కటే ఉంది ఆమె దగ్గర, ఆ మాట బయటపెడితే తమ్ముడు బయటపడతాడు.

“లోపల ఏటమ్మా?” అన్నాడు బాపిరాజు.

“ఏటీ లేదు. లోపల్నించి... ఆఫీసు లోపల్నించి కొన్ని లెక్కలు రావాలంటున్నాను. గట్టు లెక్క చూడండి మీరు. ఆ చెట్లు పోటుని ఆపుతున్నాయి. అవి లేకపోతే గట్టు కట్టాలి. దానికెంతవుతుందో అదే తోపు విలువ.”

“కట్టాలని ఎవరన్నారు?” బాపిరాజు నవ్వాడు. “ఈ పేటకి గట్టెవరు కడతారమ్మా? నేను కడతానా, ప్రభుత్వం కడుతుందా? ఎవరూ కట్టని గట్టుకి ఖర్చు రాస్తే అది విలువెలా అవుద్ది? నీ పుస్తకాల్లోనే రాసుంది, ఆ పని నిజంగా చేయించుకునే వాళ్లుంటేనే ఆ లెక్క చెల్లుద్దని. చదివేనులే.”

నిజంగానే చదివాడు. ఆ పద్ధతికున్న అసలు లోపం అదే. పద్మినికి ఒళ్లు మండింది, భయం కాసేపు వెనక్కి పోయింది.

“సరే, తుఫాను లెక్క తీసుకోండి. పక్క పేటలో మిగిలినవి పునాదులు. ఇక్కడ కప్పులు లేచాయి గానీ మనుషులు మిగిలారు. మధ్యలో తేడా ఈ చెట్లే.”

“అలాటి తుఫాను మళ్లీ రావాలి కదా. వస్తాదో రాదో, ఎప్పుడొస్తాదో. రాని తుఫానుని చూపించి బ్యాంకుని బెదిరించమంటావా? పోనీ, పక్క పేట పల్లంలో లేదా? అక్కడ ఇళ్ల కప్పులు దని ఆకువి, ఇక్కడ రేకులవి. అదంతా చెట్ల పుణ్యమేనంటావా?” టీ గ్లాసు అందుకుని ఊదుకున్నాడు. “మనిషిని అడిగింది, మనిషి నోటితో చెప్పింది, అదొక్కటే గట్టి లెక్క. ఇందులో నా మాట లేదు, నీ మాట లేదు. పేట మాట.”

“మీ అమ్మగారు వండిపెట్టిన అన్నానికి మీరెప్పుడైనా డబ్బులిచ్చారా? ఎంతిస్తావని అడిగితే ఏం చెప్పేవారు?”

“ఇవ్వలేదు,” అన్నాడు బాపిరాజు. “అందుకే ఆవిడ పోయినప్పుడు మా కొట్టు లెక్కల్లో నష్టం ఎక్కడా రాలేదు.”

అది హాస్యానికి అన్నాడో, నిజంగా అన్నాడో తెలియలేదు. సూరమ్మ మాత్రం చేతిలోని చేట కింద పెట్టేసింది.

నది వైపు మోటారు పడవ చప్పుడు వినిపించింది. దగ్గరికొచ్చి, తోపు అవతల ఆగినట్టుంది. మనుషులు మాట్లాడుకుంటున్నారు. ఏదో ఇనుప సామాను దింపుతున్నారు.

“మా వాళ్లే,” అన్నాడు బాపిరాజు. “పోటు మీదైతే పడవ చెట్లదాకా పోతాది, దుంగలు తేలిగ్గా లాక్కోవచ్చు. నీ కాగితం కోసమే ఆగేరు.”

పద్మిని చేతులు ఒళ్లో దాచుకుంది. “ఇవాళ వద్దండీ. రెండు రోజులాగండి. మిగతా రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను, మూడూ కలిపి చూస్తేనే...”

“ఎందుకమ్మా అంత పట్టుదల?” ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. “జీతం తీసుకుని చేసే పని. ఏ పద్ధతైతే ఏటి? మొన్నటిదాకా సున్నా పంపడానికి నీకూ పెద్ద అడ్డు లేదు. ఇవాళ తోపులోకి ఎల్లొచ్చేవు, అంతే, మాట మారిపోయింది. లోపల నీదేటుంది?”

సందులో ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది.

“ఏటీ లేదండీ.”

“మీ తమ్ముడు బాగున్నాడా? సూరి కదూ పేరు?”

“తన్లిన్‌లో ఉన్నాడు. పనిలో.”

“మంచిది, మంచిది. కుర్రోళ్లు పనిలో ఉండాలి. అయితే ఒక పని చేద్దాం.” గ్లాసు పక్కన పెట్టి, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, బడిపిల్లాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. “ఈ తోపు ఇప్పుడున్నట్టే ఉండటానికి మీరు నెలకి ఎంత ఇవ్వగలరు? ఇదే కదూ నువ్వు ఇల్లిల్లూ అడిగింది? నిన్నెవరూ అడగలేదు. నేను అడుగుతున్నాను. చెప్పు. నువ్వెంతిస్తావు?”

పద్మిని అన్నీ ఇచ్చేస్తుంది. జీతం, ఉద్యోగం, అమ్మ మిగిల్చిన గాజులు, ఇంకా ముందు సంపాదించబోయేదంతా. ఈ ఒక్క పూట ఆ చెట్లు అలా నిలబడి ఉండటానికి ఆమె ఇవ్వనిదంటూ లేదు. ఎండలో నీడ ఇవ్వడం, పోటుని ఆపడం, పీతల్ని పెంచడం, అన్నీ రాసుకుంది తను. తోపు ఒక కుర్రాణ్ని కంటికి కనపడకుండా దాస్తుందని ఏ పద్ధతిలోనూ రాయలేదు. రాసే చోటు కూడా లేదు. ఇప్పుడా మాట నోటితో అంటే ఎంతో కాదు, ఎందుకు అని అడుగుతాడు. ఎందుకని ఒకసారి అడిగాక ఆగడు. కాగితం ఇంకా తన చేతిలోనే ఉంది, దాన్ని సాయంత్రందాకా ఆపొచ్చు.

గడపల్లో నిలబడి తలొంచుకున్న మొహాలన్నీ ఆమెకి ఒక్కసారిగా అర్థమయ్యాయి. వాళ్లకి అమ్మవారి భయం, ఆమెకి ఈ మనిషి భయం. నోరు మూయించింది మాత్రం ఒకటే. దాచుకున్నదాని విలువ పైకి చెబితే అది దక్కదు.

“ఏటీ ఇవ్వను,” అంది పద్మిని.

“ఏటీ?”

“సున్నా.”

సూరమ్మ కళ్లు మూసుకుంది.

“చూసేవా? ఎంత తేలికో.” బాపిరాజు ఫోను తీసి, బర్మా భాషలో పొట్టిగా నాలుగు మాటలు చెప్పాడు. మొదలుపెట్టమని. “కాగితం సాయంత్రానికి తీరిగ్గా పంపు. మాట ఇచ్చేవు కదా, అది చాలు.”

రంపం మోత ఒక్కసారిగా లేచింది. తోపు లోంచి కొంగలు గుంపుగా పైకెగిరాయి. పద్మిని కూర్చున్న చోటునించి లేవబోయింది. సూరమ్మ వేళ్లు ఆమె మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి, ఎముక నొప్పెట్టేంత గట్టిగా. బొంగుల దారి ఇప్పుడు కనపడటం లేదు. అరుగు ముందునించి చెట్లదాకా గోధుమరంగు నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా నిలిచి ఉన్నాయి. సూరి ఇటు రాలేడు. అటు రంపాలు. అరిస్తే ఈ మనిషి వింటాడు. అరవకపోతే...

మొదటి చెట్టు విరిగిన చప్పుడు వినిపించింది. నీళ్లలో పడింది. అల వచ్చి అరుగు మెట్టెక్కి, గడప పక్కనున్న బాపిరాజు చెప్పుల్ని తడిపింది. ఆయన వంగి వాటిని పైకి తీసుకున్నాడు. నీలం చెప్పులు తేలుతూ నెమ్మదిగా గడప వదిలి నీళ్లలోకి జరిగాయి. వాటిని ఎవరూ పట్టుకోలేదు. రంపం మళ్లీ మొదలైంది, ఇంకొంచెం దగ్గరగా. పద్మిని లోపలే నూకాలమ్మని తలుచుకుంది. ముడుపు కట్టడానికి చేతిలో గుడ్డ ముక్కైనా లేదు. ఏమిస్తానో పైకి చెప్పకూడదని గుర్తొచ్చి, మనసులో కూడా చెప్పకుండా, అంతా నీదే అనుకుంది.

రంపం ఆగిపోయింది.

ఒక చెట్టుకీ ఇంకో చెట్టుకీ మధ్య ఆగినట్టు కాదు. సగంలో, మోత పైకి లేస్తూ ఉండగానే తెగిపోయింది. తోపులోంచి ఎవరో అరిచారు. ఇంకొకరు బదులిచ్చారు. తర్వాత ఏ చప్పుడూ రాలేదు. మోత కన్నా ఆ నిశ్శబ్దమే భయంకరంగా ఉంది.

బాపిరాజు ఫోను మోగింది. ఆయన తొందర పడకుండా ఎత్తి, అటువాళ్లు చెప్పేదంతా విన్నాడు. ఊఁ అన్నాడు. మళ్లీ ఊఁ అన్నాడు. వింటున్నంతసేపూ ఆయన చూపు నీళ్ల మీద తేలిపోతున్న నీలం చెప్పుల మీదే ఉంది. ఫోను పెట్టేసి, జేబులో వేసుకుని, నెమ్మదిగా పద్మిని వైపు తిరిగాడు.

“లోపల ఏటీ లేదన్నావు కదమ్మా?”